విరిగిపోని వెజ్ బర్గర్: బన్నుతో సహా అన్నీ ఇంట్లోనే

ఇంట్లో వెజ్ బర్గర్ చేసినవాళ్ళు ఎవరిని కదిపినా దాదాపు ఒకటే మాట. ప్యాటీ తిరగేసేటప్పుడు పెనం మీదే విరిగింది, లేదంటే ఒక ముక్క కొరకగానే మిగతా ముద్దంతా బన్ను అవతలి వైపు నుంచి జారిపోయింది. ఈసారి కార్న్‌ఫ్లోర్ ఇంకో రెండు చెంచాలు వేస్తారు, వచ్చేసారి మసాలా మారుస్తారు, అయినా అదే తంతు. లోపం మసాలాలో ఉంటే కదా! అసలు గొడవంతా నీళ్ళతో. ఉడికిన గింజల్లో నీళ్ళు, బంగాళదుంపలో నీళ్ళు, ఉల్లిపాయలో నీళ్ళు. పుట్టగొడుగుల్లో అయితే నూటికి తొంభై వంతులు నీళ్ళే. ఇవన్నీ ఒక గిన్నెలో చేరి, ఉప్పు తగలగానే ఊరి, పెనం ఎక్కగానే ఆవిరై ప్యాటీని లోపలి నుంచి పగలగొడతాయి. ఆ తడిని ఎక్కడికక్కడ వదిలించుకుంటూ వస్తే గుడ్డు అక్కర్లేదు, గుప్పెళ్ళకొద్దీ పిండీ అక్కర్లేదు.

మన దగ్గర వెజ్ బర్గర్ అంటే చాలామందికి ఆలూ టిక్కీయే. 1996లో ఢిల్లీలోని వసంత్ విహార్‌లో మెక్‌డొనాల్డ్స్ మన దేశంలో తన మొదటి దుకాణం తెరిచింది. ఆ తర్వాత వాళ్ళ ఆలూ టిక్కీ బర్గర్ ఎంతగా పాకిందంటే, ఇప్పుడు చిన్న ఊళ్ళో బేకరీ కూడా దాని నకలే అమ్ముతుంది. అది బాగుండదని కాదు. కానీ దాన్ని నిలబెట్టేది లోపలి సరుకు కాదు, పైన అద్దిన బ్రెడ్ పొడి, కాగే నూనె. ఆ తొడుగు తీసేస్తే లోపల ఉండేది మెత్తటి ఆలూ కూరే. ఇక్కడ చెప్పేది తొడుగు అవసరం లేని ప్యాటీ, బొబ్బర్లతో చేసేది. కొన్ని వైపుల అలసందలంటారు. అలసంద వడలు తిన్నవాళ్ళకు ఆ గింజ రుచి కొత్తేం కాదు. తొక్క పలచన, తొందరగా ఉడుకుతుంది, సగం మెదిపినా మిగతా సగం గింజగానే నిలుస్తుంది కాబట్టి నమలడానికి పంటి కింద ఏదో ఉన్నట్టుంటుంది.

రాజ్మాతోనూ చేసుకోవచ్చు, కానీ ఒక జాగ్రత్త. పచ్చి రాజ్మాలో ఫైటోహీమాగ్లుటినిన్ అనే పదార్థం ఉంటుంది. గింజ అరకొరగా ఉడికితే వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్ళు పారబోసి, కొత్త నీళ్ళలో కుక్కర్లో మెత్తగా ఉడికిస్తే భయం లేదు. వడల పప్పులా పచ్చిగా రుబ్బి పైపైన కాల్చే పని మాత్రం రాజ్మాతో పెట్టుకోకండి.

ఏమేం కావాలి

ఈ లెక్క 6 బర్గర్లకు. ప్యాటీకి 150 గ్రాముల బొబ్బర్లు, రెండు మధ్యరకం బంగాళదుంపలు, 150 గ్రాముల బటన్ పుట్టగొడుగులు, ఒక పెద్ద ఉల్లిపాయ, మూడు పచ్చిమిరపకాయలు, అంగుళం అల్లం, ఐదారు వెల్లుల్లి రెబ్బలు, గుప్పెడు అటుకులు, రెండు పెద్ద చెంచాల పుట్నాల పప్పు. మిరియాలు, జీలకర్ర, ఆమ్‌చూర్ (ఎండు మామిడి పొడి), సోయా సాస్ ఎలాగూ వంటింట్లో ఉండేవే.

బన్నుకు 280 గ్రాముల మైదా, 170 మిల్లీలీటర్ల పాలు, 25 గ్రాముల పంచదార, 5 గ్రాముల ఉప్పు, 5 గ్రాముల ఇన్‌స్టంట్ ఈస్ట్, 30 గ్రాముల వెన్న, పైన చల్లడానికి నువ్వులు. బన్ను విషయంలో కప్పులు, గ్లాసులు వదిలేసి చిన్న కాటా వాడండి. ఇంటికో కప్పు కొలత ఉంటుంది. మైదాలో ఒక 30 గ్రాములు అటూ ఇటూ అయితే బన్ను రాయి అవుతుంది, లేదా చేతికి అంటుకుని సాగుతుంది.

ముందురోజు రాత్రి చేయాల్సినవి రెండే పనులు. బొబ్బర్లు నానబెట్టాలి, బంగాళదుంపలు ఉడికించి ఫ్రిజ్‌లో పెట్టాలి.

బన్నుతో మొదలుపెట్టండి

ప్యాటీకంటే బన్నుకే టైమ్ ఎక్కువ పడుతుంది, అందులోనూ సగం మనం ఊరికే కూర్చునే టైమే. పిండి పొంగేలోపు ప్యాటీ పని అయిపోతుంది.

పాలు గోరువెచ్చగా ఉండాలి. చిటికెన వేలు ముంచితే హాయిగా అనిపించాలే తప్ప చురుక్కుమనకూడదు. మరీ వేడి పాలల్లో ఈస్ట్ చచ్చిపోతుంది, అప్పుడు ఎంతసేపు మూతపెట్టి కూర్చున్నా పిండి కదలదు. మైదా, పంచదార, ఉప్పు, ఈస్ట్ కలిపి, పాలు పోసి ముద్ద చేయండి. వెన్న ఇప్పుడే వేయొద్దు. ఐదు నిమిషాలు పిసికాక, పిండి కాస్త సాగే గుణం పట్టుకున్నాక, మెత్తని వెన్నను రెండు మూడు దఫాలుగా వేసి పిసకండి. వెన్న వేసిన కొత్తలో పిండి జారుగా, గందరగోళంగా అయిపోతుంది. అక్కడ కంగారుపడి పొడి మైదా చల్లేవాళ్ళే ఎక్కువ, బన్ను గట్టిపడేది కూడా అక్కడే. చల్లకండి. అరచేతి మడమతో ముందుకు తోసి, మడిచి, మళ్ళీ తోస్తూ ఇంకో ఎనిమిది పది నిమిషాలు పోతే పిండి నున్నగా, చేతిని వదిలేస్తూ వస్తుంది. చిన్న ఉండ తీసి రెండు చేతుల వేళ్ళతో మెల్లగా సాగదీయండి. చిరగకుండా అవతలి వెలుగు కనిపించేంత పలచగా సాగితే చాలు, పిసకడం ఆపేయొచ్చు.

నూనె రాసిన గిన్నెలో పెట్టి మూత వేయండి. మన వేసవిలో ముప్పావుగంటకే రెట్టింపు అవుతుంది, డిసెంబరు చలిలో గంటన్నర పట్టొచ్చు. గడియారం కాదు, పిండిని చూడాలి.

పొంగాక గాలి తీసేసి 85 గ్రాముల చొప్పున ఆరు ఉండలు చేయండి. ఒక్కో ఉండను బల్ల మీద పెట్టి, పైన చేయి గిన్నెలా బోర్లించి గుండ్రంగా తిప్పితే పైభాగం బిగుతుగా వస్తుంది. పది నిమిషాలు ఆగి, అరచేత్తో నొక్కి 9 సెంటీమీటర్ల వెడల్పు బిళ్ళలుగా చేయండి. ఉండను ఉండలాగే వదిలేస్తే బన్ను పైకి బంతిలా లేస్తుంది, అందులో ప్యాటీ పెడితే నోరు పట్టదు. ట్రేలో ఎడంగా పేర్చి, తడిగుడ్డ కప్పి, అరగంట నుంచి ముప్పావుగంట ఉంచాలి. వేలితో నొక్కితే గుంట నెమ్మదిగా, సగం వరకే పూడితే సిద్ధమైనట్టు.

పైన పాలు రాసి, నువ్వులు చల్లి, ముందే వేడెక్కిన ఓవెన్‌లో 190 డిగ్రీల దగ్గర 15 నుంచి 17 నిమిషాలు. బయటికి తీసిన వెంటనే వెన్న రాసి పలచటి బట్ట కప్పేయండి, పైపొర మెత్తబడుతుంది. ఓవెన్ లేకపోతే బేకరీ నుంచి బన్నులు తెచ్చుకోండి, తప్పేం లేదు. కుక్కర్లో ఇసుక పోసి, ఉప్పు పోసి కాల్చే పద్ధతులున్నాయి కానీ పైభాగం తెల్లగా ఉండిపోతుంది. అంత కష్టం బన్నుకు ఎందుకు, ఆ ఓపిక ప్యాటీ మీద పెట్టండి. బేకరీలో కొనేటప్పుడు మాత్రం టీలో ముంచుకునే తియ్యటి బన్ను కాకుండా బర్గర్ బన్ను అని అడిగి తీసుకోండి.

ప్యాటీ: తడి మీద యుద్ధం

నానిన బొబ్బర్లు కుక్కర్లో మునిగేంత నీళ్ళు, కాస్త ఉప్పు వేసి ఒకటి రెండు విజిళ్ళు రానివ్వండి. గింజ వేళ్ళ మధ్య నొక్కితే నలగాలి, తనంతట తాను పగిలిపోకూడదు. పొరపాటున పప్పులా మెత్తబడితే దాన్ని తాలింపు పెట్టుకుని అన్నంలోకి తినేయండి, ప్యాటీకి వాడొద్దు. సరిగ్గా ఉడికినవాటిని చిల్లుల గిన్నెలో వంచి ఐదు నిమిషాలు వదిలేయండి. కింద దిగిన నీళ్ళు కట్టుచారుకు బాగుంటాయి. ఆ తర్వాతే అసలు పని. గింజల్ని వెడల్పు బాణలిలో నూనె లేకుండా సన్నటి సెగ మీద నాలుగైదు నిమిషాలు కదుపుతూ ఉండండి. ముందు ఆవిరి వస్తుంది, తర్వాత తొక్క మీది మెరుపు పోయి మసకబారుతుంది, కొన్ని గింజలు నెర్రెలిస్తాయి. అప్పుడు దించి పళ్ళెంలో పరవండి. చాలా వంటకాల్లో రాయని మెట్టు ఇది, ప్యాటీ నిలిచేది మాత్రం దీని వల్లే.

బంగాళదుంపలు తొక్కతోనే, కోయకుండా ఉడికించాలి. ముక్కలు కోసి ఉడికిస్తే నీళ్ళు తాగేస్తాయి. కొత్త దుంపల కంటే నిల్వ దుంపలు నయం, వాటిలో తేమ తక్కువ. ఉడికినవాటిని చల్లారనిచ్చి రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచితే లోపలి పిండిపదార్థం బిగుసుకుంటుంది. తెల్లారి తొక్క తీసి, పెద్ద కన్నాల తురుముపీట మీద తురమండి. వేడి మీద మెదపడం, మిక్సీలో తిప్పడం వద్దు. అలా చేస్తే జిగురు పుట్టి బంకలా సాగుతుంది, తర్వాత ఎంత పొడి వేసినా ఆ బంకతనం పోదు.

పుట్టగొడుగుల్ని సన్నగా తరిగి, ఎండు బాణలిలో పెద్ద మంట మీద వేయండి. నూనె వద్దు, ఉప్పూ వద్దు. రెండు నిమిషాల్లో అడుగున గ్లాసుడు నీళ్ళు పోసినట్టు ఊరుతుంది. కదుపుతూ ఉంటే ఆ నీళ్ళు ఇగిరి, ముక్కలు గోధుమరంగుకు తిరిగి, గిన్నెకు రాసుకున్నప్పుడు కీచుమంటాయి. అప్పుడు రెండు చెంచాల నూనె పోసి, సన్నగా తరిగిన ఉల్లిపాయ, దంచిన అల్లం, వెల్లుల్లి, పచ్చిమిర్చి వేసి, ఉల్లి ఎర్రగా అయ్యేదాకా వేయించండి. చివర్లో చెంచాడు సోయా సాస్ పోసి అదీ ఇగిరిపోనివ్వండి. పచ్చి ఉల్లిపాయ ముక్కలు ప్యాటీలో కలిపేవాళ్ళున్నారు. ఉప్పు తగిలిన పది నిమిషాలకు అవి నీళ్ళు వదులుతాయి, అక్కడితో పని చెడుతుంది. ఉల్లి కరకర కావాలనుకుంటే బర్గర్ పేర్చేటప్పుడు చక్రాలు పెట్టుకోవచ్చు.

పుట్టగొడుగులు తినని ఇళ్ళు చాలా ఉన్నాయి. వాటి బదులు సన్న మీల్‌మేకర్ వాడండి. వేడినీళ్ళలో పది నిమిషాలు నానబెట్టి, గుడ్డలో వేసి బలంగా పిండి, ఉల్లిపాయతో పాటే వేయించాలి. క్యారెట్ తురుము కూడా పనికొస్తుంది, అదీ వేయించాకే.

ఇప్పుడు పప్పు గుత్తి తీయండి. బొబ్బర్లలో మూడింట రెండొంతులు మెదిపి, మిగతావి గింజలుగానే వదిలేయండి. ఇందులో బంగాళదుంప తురుము, చల్లారిన వేపుడు, వేయించి దంచిన జీలకర్ర ఒక చెంచా, మిరియాల పొడి అర చెంచా, ఆమ్‌చూర్ అర చెంచా, కొత్తిమీర, సరిపడా ఉప్పు వేయండి. బొబ్బర్లలో, సోయా సాస్‌లో ఇప్పటికే ఉప్పుంది, రుచి చూసుకుని వేయాలి. పులుపుకు నిమ్మరసం వద్దు, అది మళ్ళీ తడే. గరం మసాలా కూడా నేను వేయను. అది పడితే బర్గర్ వాసన పోయి రైల్లో అమ్మే కట్‌లెట్ వాసన వస్తుంది. మీకు ఆ వాసనే ఇష్టమైతే మీ ఇష్టం.

ముద్దను పట్టి ఉంచడానికి అటుకులు, పుట్నాల పప్పు విడివిడిగా మిక్సీలో పొడి చేయండి. అటుకుల పొడి తడి పీల్చుకుని కాల్చినప్పుడు పైన కరకర ఇస్తుంది, పుట్నాల పొడి లోపల కలిపి పట్టుకుంటుంది. ఒక్క పుట్నాల పొడే ఎక్కువ వేస్తే నోట్లో పిండిపిండిగా అంటుకుంటుంది, అందుకే రెండూ. మూడు పెద్ద చెంచాల అటుకుల పొడి, రెండు చెంచాల పుట్నాల పొడి వేసి కలిపి పది నిమిషాలు పక్కన పెట్టండి. పొడి తడిని పీల్చుకోవడానికి ఆ పది నిమిషాలు కావాలి. కలపగానే మెత్తగా ఉందని ఇంకా ఇంకా వేసేస్తే చివరికి ఎండిపోయిన సున్నుండ తిన్నట్టుంటుంది. పది నిమిషాలయ్యాక నిమ్మకాయంత ముద్ద తీసి బిళ్ళగా నొక్కండి. అంచులు పగిలితే కొంచెం తడి తక్కువైందని, ఒక చెంచా పాలు చిలకరించండి. వేళ్ళకు అంటుకుంటే ఇంకో చెంచా అటుకుల పొడి. ఆ బిళ్ళనే పెనం మీద కాల్చి తిని చూస్తే ఉప్పూ కారమూ తెలిసిపోతాయి. ఆరూ చేశాక సరిదిద్దడం కుదరదు కదా.

మాంసం ప్యాటీలు కాలితే కుంచించుకుపోతాయి కాబట్టి వాటిని బన్ను కంటే బాగా పెద్దగా ఒత్తుతారు. మనవి అలా ముడుచుకోవు. బన్ను కాలాక ఎంత వెడల్పు వచ్చిందో ప్యాటీ కూడా అంతే ఒత్తండి, సుమారు 10 సెంటీమీటర్లు. 110 గ్రాముల ముద్ద తీసుకుని, అంత వెడల్పున్న డబ్బా మూతలో ప్లాస్టిక్ కవర్ పరిచి నొక్కితే ఆరూ ఒకే కొలతలో వస్తాయి. మందం సెంటీమీటరు దాటితే చాలు. మందంగా చేస్తే పైన మాడి లోపల చల్లగా ఉంటుంది. అంచుల్లో నెర్రెలు కనిపిస్తే తడి వేలితో రుద్ది మూసేయండి, చీలిక ఎప్పుడూ అక్కడి నుంచే మొదలవుతుంది. ఇక అరగంట ఫ్రిజ్‌లో.

ఇనప పెనం బాగా వేడెక్కాక మంట మధ్యస్థంగా తగ్గించి, రెండు చెంచాల నూనె పోసి, వాయికి మూడు చొప్పున వేయండి. నాలుగు నిమిషాలు ముట్టుకోవద్దు. అట్లకాడ అంచు కిందికి పెడితే తనే జారిపోయేలా ఊడి రావాలి. పట్టుకుని ఉందంటే ఇంకా కాలలేదని అర్థం, గీకితే పైపొర పెనానికే మిగిలిపోతుంది. తిరగేసి ఇంకో మూడు నాలుగు నిమిషాలు. చీజ్ కావాలంటే తిరగేసిన రెండు నిమిషాలకు స్లైసు పైన పెట్టి, పెనం అంచున చెంచాడు నీళ్ళు చల్లి మూతపెట్టండి. అర నిమిషంలో కరిగి ప్యాటీ అంచుల మీదికి దిగుతుంది.

పిల్లలకు పైన కరకరలాడాలంటే మైదా జారులో ముంచి, బొంబాయి రవ్వలో దొర్లించి కాల్చండి. బ్రెడ్ పొడి కంటే రవ్వ తక్కువ నూనె పీలుస్తుందనిపిస్తుంది నాకు.

సాస్, కూరగాయలు

గుడ్డు లేని మయొనైజ్ పాలతో వస్తుంది. పొడవాటి సన్నని గ్లాసులో 75 మిల్లీలీటర్ల చల్లటి పాలు, 150 మిల్లీలీటర్ల పొద్దుతిరుగుడు నూనె, అర చెంచా ఆవపొడి, ఉప్పు, ఒక వెల్లుల్లి రెబ్బ వేసి, హ్యాండ్ బ్లెండర్ అడుగుకంటా పెట్టి తిప్పండి. అడుగున తెల్లగా చిక్కబడేదాకా పైకి ఎత్తకూడదు, ఆ తర్వాత మెల్లగా ఎత్తుతూ రావాలి. చివర్లో రెండు చెంచాల నిమ్మరసం పోస్తే ఇంకా బిగుస్తుంది. బ్లెండర్ లేకపోతే మిక్సీ చిన్న జారు, అందులో నూనె సన్నటి ధారగా పోయాలి. గానుగ వేరుశనగ నూనె వాడితే దాని వాసనే పైకి తేలుతుంది, ఎక్స్‌ట్రా వర్జిన్ ఆలివ్ నూనె బ్లెండర్లో తిరిగి చేదెక్కుతుంది.

ఇంత నూనె వద్దనుకుంటే మీగడ పెరుగును మూడు గంటలు గుడ్డలో మూటకట్టి వేలాడదీసి, అదే వాడండి. ఏదైనా సరే, నాలుగు చెంచాలకు ఒక చెంచా పండుమిర్చి పచ్చడి కలపండి. కారం, పులుపు, ఉప్పు మూడూ అందులోనే ఉంటాయి. కెచప్ సీసా జోలికి పోవాల్సిన పని ఉండదు.

ఉల్లి చక్రాలు వెనిగర్, ఉప్పులో పావుగంట ఊరనివ్వండి. టమాటా చక్రాలకు ఉప్పు రాసి గుడ్డ మీద పరిచి పైతడి అద్దేయండి. లెట్యూస్ దొరికితే సరే, లేకపోతే వెంట్రుకలా తరిగిన క్యాబేజీ అంతకంటే కరకరలాడుతుంది. కీరా గింజ లేతగా ఉంటేనే.

అమెరికాలోనో ఇంగ్లండ్‌లోనో ఉండి చేసుకునే శాకాహారులు సరుకు కొనేటప్పుడు లేబుల్ చదవాలి. అక్కడి కొన్ని చీజ్‌లలో పాలను గడ్డకట్టించడానికి దూడ కడుపు నుంచి తీసిన రెనెట్ వాడతారు, ఇటలీ నుంచి వచ్చే అసలైన పార్మేజాన్ (పార్మిజానో రెజానో)లో అయితే తప్పనిసరిగా అదే. వూస్టర్‌షైర్ సాస్‌లో సాధారణంగా చేపలుంటాయి. నిగనిగలాడే బన్నుల మీద గుడ్డు పూత ఉండొచ్చు. మన దేశంలో ప్యాకెట్ మీద పచ్చచుక్క చూస్తే సరిపోతుంది.

పేర్చడం

బన్ను అడ్డంగా కోసి, కోసిన వైపు వెన్న రాసి, ప్యాటీ కాల్చిన పెనం మీదే ఎర్రగా కాల్చండి. ఈ పని ఎగ్గొట్టొద్దు. కాలిన పొర సాస్‌ను వెంటనే పీల్చుకోదు, బన్ను నానిపోకుండా ఆపుతుంది. కింది భాగానికి సాస్, దాని మీద క్యాబేజీ, ఆపైన చీజ్ పెట్టిన ప్యాటీ, తర్వాత టమాటా రెండు చక్రాలు, ఉల్లిపాయ, పై బన్నుకు ఇంకాస్త సాస్. టమాటా ప్యాటీ కింద పెడితే బరువుకు నలిగి రసం కింది బన్నులోకి దిగుతుంది, చేతిలో పట్టుకునేసరికి చిరుగుతుంది. పైన పెట్టి అరచేత్తో ఒకసారి మెల్లగా అదిమి, అప్పటికప్పుడు తినేయాలి. అందరికీ ఒకేసారి వడ్డించాలని ముందే పేర్చి పెట్టుకుంటే చివరివాళ్ళకు దక్కేది మెత్తబడిన బన్నే. ప్యాటీలు, బన్నులు, సాస్ విడివిడిగా బల్ల మీద పెట్టి ఎవరిది వాళ్ళను పేర్చుకోమనడం మేలు, పిల్లలకు అదో సరదా కూడా.

ఒకేసారి రెట్టింపు చేసి సగం దాచుకోవడం తెలివైన పని. ఒత్తిన ప్యాటీల మధ్య బటర్ పేపర్ పెట్టి, గాలి చొరని డబ్బాలో ఫ్రీజర్‌లో ఉంచితే నెల రోజులు బాగుంటాయి. కాల్చేటప్పుడు బయట పెట్టి కరగనివ్వకండి, కరిగితే పైన తడి చేరి అంటుకుంటాయి. గట్టిగా ఉన్నవాటినే సన్న మంట మీద పెనంలో వేసి, మొదటి ఐదు నిమిషాలు మూత పెట్టి, తర్వాత మూత తీసి రెండు వైపులా ఎర్రగా కాల్చాలి. బన్నులు కూడా ఫ్రీజర్‌లో ఉంటాయి, ఫ్రిజ్‌లో మాత్రం వద్దు, రెండో రోజుకే గట్టిపడి పెళుసెక్కుతాయి.